నోస్క్రిప్ట్ అనుమతులు: ఏ పేరుకు ఏ బటన్ నొక్కాలి?

అడిగే మనుషులు మారుతుంటారు గానీ ప్రశ్న ఒకటే. కావలిలో డిగ్రీ చదివే అబ్బాయికి పరీక్ష ఫీజు పేజీలో, వచ్చింది మనిషేనా అని పరీక్షించే క్యాప్చా కనిపించదు. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు సాగు చేసే రైతుకు మేత కంపెనీ సైటులో లాగిన్ బటన్ ఎంత నొక్కినా కదలదు. ఒంగోలులో ఆడిటరు దగ్గర పనిచేసే అమ్మాయికి పన్నుల పోర్టల్ తెల్ల కాగితంలా నిలబడిపోతుంది. ముగ్గురూ ఫైర్‌ఫాక్స్‌లో నోస్క్రిప్ట్ వేసుకున్నవారే. పేజీల్లో నడిచే చిన్న ప్రోగ్రాములను, అంటే స్క్రిప్టులను, మనం అనుమతించేదాకా ఆపి ఉంచే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే పనిముట్టు) ఇది. చివరికి విసిగిపోయి, దాని జాబితాలో కనిపించిన ప్రతి సైటు పేరుకూ శాశ్వత అనుమతి ఇచ్చేసినవారే. అలా ఇచ్చేటట్లయితే నోస్క్రిప్ట్‌ను తీసివేయడమే నయం, కనీసం రక్షణ ఉందన్న భ్రమ ఉండదు.

నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నందున ఈ విషయం వారానికి ఒకరికైనా చెప్పవలసి వస్తోంది. అందుకే వరుసగా రాసిపెడుతున్నాను. సిద్ధాంతం ఒక్క వాక్యం చాలు: నోస్క్రిప్ట్‌లో మీరు అనుమతి ఇచ్చేది స్క్రిప్టును పంపే డొమైన్ పేరుకు (సైటు చిరునామాలోని ప్రధాన పేరుకు), మీరు చూస్తున్న పేజీకి కాదు; ఒక పేరుకు ఒక పేజీలో ఇచ్చిన అనుమతి, అదే పేరు ఎదురైన ప్రతి సైటులోనూ చెల్లుతుంది. కింద చెప్పబోయే ప్రతి అడుగుకూ, దాదాపు ప్రతి పొరపాటుకూ మూలం ఇదే.

ముందుగా కావలసినవి

కంప్యూటరులో ఇటీవలి ఫైర్‌ఫాక్స్, మొజిల్లా వారి యాడ్-ఆన్ల సైటు నుంచి మాత్రమే దింపుకున్న నోస్క్రిప్ట్, అరగంట తీరిక ఉంటే చాలు. డబ్బు కట్టవలసిన పని చేతిలో ఉన్న రోజున మాత్రం ఈ సాధన మొదలుపెట్టవద్దు.

పాత వీడియోలు చూసి నేర్చుకోవాలని చూసేవారికి ఒక మాట. దీనిని ఇటలీకి చెందిన జార్జియో మావోనే 2005లో తయారు చేశారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ల పద్ధతే మారిపోవడంతో దీనిని కూడా తిరగరాశారు. అంతకుముందు వీడియోల్లో కనిపించే పొడవాటి మెనూ ఇప్పుడు ఉండదు కాబట్టి మీ దగ్గర అది లేదని కంగారు పడనక్కర్లేదు.

1. ఎక్స్‌టెన్షన్‌ను వేసుకుని, గుర్తును బయటికి తెచ్చుకోండి

వేసుకునేటప్పుడు, అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చూసేందుకు ఇది అనుమతి కోరుతోందని ఫైర్‌ఫాక్స్ హెచ్చరిస్తుంది. చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి వెళతారు. ప్రతి పేజీలోకి ఏ స్క్రిప్టు వస్తోందో చూడకుండా దానిని ఆపడం సాధ్యం కాదు కనుక ఈ అనుమతి తప్పనిసరి. తెలియని చోటి నుంచి దింపుకోకూడదనడానికి కారణం కూడా ఇదే.

తరువాత పజిల్ ముక్కలాంటి గుర్తును నొక్కి నోస్క్రిప్ట్‌ను టూల్‌బార్‌కు అతికించండి. ప్రైవేటు కిటికీలు వాడే అలవాటు ఉంటే, ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో ప్రైవేటు కిటికీల్లో నడవడానికి విడిగా అనుమతి ఇవ్వాలి. అది ఇవ్వకపోతే ప్రైవేటు కిటికీలో నోస్క్రిప్ట్ ఉండదు. ఇక్కడ రాని పేజీ అక్కడ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు చాలాసార్లు సమాధానం ఇదే.

2. జాబితాను చదవడం నేర్చుకోండి

ఏదైనా పేజీ తెరిచి నోస్క్రిప్ట్ గుర్తు నొక్కితే ఒక ప్యానెల్ తెరుచుకుంటుంది. అందులో ఒక్కో వరుసలో ఒక్కో డొమైన్ పేరు ఉంటుంది. మొదటిది సాధారణంగా మీరున్న సైటు. మిగిలినవి ఆ పేజీ బయటి నుంచి తెచ్చుకుంటున్న వాటి పేర్లు.

పేరుకు ముందు మూడు చుక్కలు ఉంటే, ఆ పేరుతో ముగిసే ఉపసైట్లన్నీ ఆ వరుస కిందికే వస్తాయని అర్థం. ఉదాహరణకు చుక్కలతో కనిపించే ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌కు అనుమతి ఇస్తే, రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో ఆ పేరుతో ముగిసే సైట్లన్నింటికీ ఒకేసారి ఇచ్చినట్టు. చుక్కలు లేకుండా పూర్తి చిరునామా ఉంటే ఆ ఒక్క సైటుకే వర్తిస్తుంది.

వరుసలో తాళం గుర్తు కూడా ఉంటుంది. అది ఆకుపచ్చగా ఉంటే, సురక్షిత అనుసంధానం మీద, అంటే చిరునామా మొదట హెచ్‌టీటీపీఎస్ ఉన్నప్పుడు మాత్రమే అనుమతి చెల్లుతుంది. కొన్ని పాత కళాశాల సైట్లు ఇంకా చివరి ఎస్ లేకుండానే నడుస్తున్నాయి. అలాంటి చోట ట్రస్టెడ్ అని ఉన్నా స్క్రిప్టు నడవకపోతే తాళాన్ని చూడండి. నొక్కితే ఎర్రబడి, రెండు రకాల అనుసంధానాలకూ అనుమతి వెళుతుంది. అయితే ఎస్ లేని అనుసంధానంలో, బస్టాండులోనో లాడ్జిలోనో ఉన్న వైఫైని నడిపేవారు మధ్యలో తమ స్క్రిప్టును చొప్పించగలరు. కనుక ఎర్ర తాళాన్ని తాత్కాలిక అనుమతితోనే వాడండి.

3. ఐదు బటన్ల తేడా తెలుసుకోండి

డిఫాల్ట్ అంటే మీరు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోని పేరు. దాని స్క్రిప్టులు నడవవు. ఎప్పుడో ఇచ్చిన అనుమతిని రద్దు చేయాలన్నా ఈ బటన్ నొక్కితే సరిపోతుంది.

టెంపరరీ ట్రస్టెడ్ అంటే బ్రౌజరు మూసేదాకా ఉండే అనుమతి. గడియారం గుర్తుతో కనిపిస్తుంది. మీరు రోజూ ఎక్కువగా వాడవలసిన బటన్ ఇదేనని నా అభిప్రాయం.

ట్రస్టెడ్ అంటే మీరు తిరిగి మార్చేదాకా నిలిచే అనుమతి. ఇది ఇచ్చిన పేరుకు స్క్రిప్టులతో పాటు ఫాంట్లు, వీడియోలు, ఫ్రేములు (పేజీలో పొదిగిన ఇతర పేజీలు) అన్నీ తెరుచుకుంటాయి. రోజూ వాడే సైటుకు, అది కూడా మీకు పరిచయమున్న పేరుకు మాత్రమే ఇవ్వండి.

అన్‌ట్రస్టెడ్ దగ్గర చాలామంది తడబడతారు. డిఫాల్ట్‌లోనూ స్క్రిప్టు నడవనప్పుడు ఇది దేనికని అడుగుతారు. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, డిఫాల్ట్‌లో మిగిలే ఫ్రేముల వంటి చిన్న వెసులుబాట్లు కూడా ఇందులో ఉండవు. రెండు, పేజీలోని అన్నింటికీ తాత్కాలిక అనుమతి ఇచ్చే బటన్ ప్యానెల్ పైవరుసలో ఉంది. దానిని నొక్కినప్పుడు డిఫాల్ట్‌లో ఉన్న పేర్లు మాత్రమే తెరుచుకుంటాయి, అన్‌ట్రస్టెడ్ పేర్లు మూసే ఉంటాయి. అందుకని డబుల్‌క్లిక్ డాట్ నెట్, గూగుల్‌సిండికేషన్ డాట్ కామ్ వంటి ప్రకటనల పేర్లను ముందే అన్‌ట్రస్టెడ్‌లో వేసి పెట్టుకుంటే, తొందరలో ఆ బటన్ నొక్కిన రోజున కూడా అవి లోపలికి రావు.

కస్టమ్ గురించి ఏడో అడుగులో చెబుతాను. అప్పటిదాకా దాని జోలికి వెళ్లవద్దు.

ఇంకో సంగతి. మీరు ఏమీ చేయకముందే గూగుల్, యూట్యూబ్, యాహూ, పేపాల్ వంటి కొన్ని పేర్లు ట్రస్టెడ్‌లో కనిపిస్తాయి. కొత్తవారికి ఇబ్బంది కలగకూడదని వాటిని ముందే చేర్చి ఇచ్చారు. వాడనివాటిని ఆప్షన్స్‌లోని పర్-సైట్ పర్మిషన్స్ పట్టికలో డిఫాల్ట్‌కు మార్చుకోవచ్చు.

4. నష్టం లేని సైటు మీద సాధన చేయండి

ప్రకాశం జిల్లా అధికారిక వెబ్‌సైటును తెరవండి. కట్టవలసిన డబ్బు గానీ, పోయే దరఖాస్తు గానీ లేని చోటు కనుక సాధనకు బాగుంటుంది. ప్యానెల్ తెరిస్తే ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఒక వరుసలోనూ, ఎస్3వాస్ డాట్ గవ్ డాట్ ఇన్ మరో వరుసలోనూ కనిపిస్తాయి. రెండోదాన్ని చూసి ఇది ఎవరిదో అని అనుమానించవద్దు. జాతీయ సమాచార కేంద్రం ప్రభుత్వ సైట్ల కోసం నిర్మించిన వేదిక అది. జిల్లా సైట్లకు కావలసిన ఫైళ్లు అక్కడి నుంచే వస్తాయి.

మొదట ఏదీ మార్చకుండా పేజీని గమనించండి. అక్షరాలు, చాలావరకు బొమ్మలు వస్తాయి; కదలవలసినవి కదలవు, కొన్ని చిహ్నాల చోట ఖాళీ పెట్టెలు ఉండవచ్చు. తరువాత ఒక్క ఎస్3వాస్ పేరుకే టెంపరరీ ట్రస్టెడ్ ఇచ్చి ప్యానెల్ మూయండి. ప్యానెల్ మూసుకోగానే పేజీ తనంతట తానే మళ్లీ లోడవుతుంది. ఈ ఒక్క ప్రవర్తనను గుర్తుపెట్టుకోండి, ఆరో అడుగులో దీనితోనే పని. ఏమి మారిందో చూసిన తరువాత రెండో పేరుకు కూడా ఇచ్చి చూడండి.

5. ఒక్కొక్క పేరుకే అనుమతి ఇస్తూ, మధ్యలో ఆగి చూడండి

పేజీ పనిచేయనప్పుడు పాటించవలసిన వరుస ఇది. మొదట మీరున్న సైటు పేరుకు ఇవ్వండి. తరువాత ఆ సంస్థ పేరును పోలిన పేర్లకు ఇవ్వండి. ఆ తరువాత జేఎస్‌డెలివర్, జేక్వెరీ, క్లౌడ్‌ఫ్లేర్, గూగుల్‌ఏపీఐస్ వంటి, స్క్రిప్టులను నిల్వ చేసి అందించే పేర్లకు. క్యాప్చా రాకపోతే గూగుల్, జీస్టాటిక్, రీక్యాప్చా, హెచ్‌క్యాప్చా, క్లౌడ్‌ఫ్లేర్‌లలో ఏది జాబితాలో ఉందో చూడండి. అనలిటిక్స్, యాడ్స్, ట్యాగ్‌మేనేజర్ అన్న మాటలున్న పేర్లను చివరికి వదిలేయండి. తొంభై శాతం అనే లెక్క చెప్పలేను గానీ, నేను చూసినంతలో వాటి అవసరం చాలా అరుదు.

ఇక్కడ అందరినీ విసిగించే సంగతి ఒకటుంది. నాలుగు పేర్లకు అనుమతి ఇస్తే, పేజీ మళ్లీ వచ్చేసరికి జాబితాలో ఏడు పేర్లుంటాయి. ఎక్స్‌టెన్షన్ పాడైందని అనుకోకండి. మీరు లోపలికి రానిచ్చిన స్క్రిప్టు తన వెంట మరికొందరిని పిలిచింది, అంతే. అది నడవకముందు ఆ పేర్లు బయటపడే వీలు లేదు. రెండు మూడు విడతల్లో పేజీ కుదురుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ఎనిమిదో అడుగులోని పరీక్ష చేయండి.

6. డబ్బు కట్టే పేజీల దగ్గర ఈ పద్ధతిని పక్కన పెట్టండి

ఈ తప్పు నేనే చేశాను కనుక కాస్త వివరంగా చెబుతాను. కావలి నుంచి వచ్చిన ఒక విద్యార్థి నా కంప్యూటరులోనే పరీక్ష ఫీజు కడుతున్నాడు. అతను ఫోను చూసి ఓటీపీ అంకెలు చదువుతుంటే నేను టైపు చేసి పంపాను. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. నోస్క్రిప్ట్ గుర్తు నొక్కితే అంతకుముందు లేని పేరు ఒకటి కనిపించింది. దానికి తాత్కాలిక అనుమతి ఇచ్చి ప్యానెల్ మూశాను. పేజీ మళ్లీ లోడయింది. అదే క్షణంలో అతని ఫోను మోగింది: ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు సందేశం. ఫీజు పేజీలో మాత్రం చెల్లింపు జరగలేదనే ఉంది. డబ్బు కొన్ని రోజులకు తిరిగి వచ్చింది గానీ, గడువు దగ్గర పడటంతో అతను ఆ రోజే మరోసారి కట్టవలసి వచ్చింది. అప్పు ఇచ్చింది నేనే.

ఫీజు పేజీ నుంచి రేజర్‌పే, బిల్‌డెస్క్, పేయూ వంటి, చెల్లింపును బ్యాంకుకు చేర్చే గేట్‌వేకు, అక్కడి నుంచి బ్యాంకుకు, మళ్లీ వెనక్కి మీ పేజీ ప్రయాణిస్తుంది. ఏ మలుపులో ఏ కొత్త పేరు వస్తుందో ముందే తెలియదు. మధ్యలో అనుమతి మారిస్తే పేజీ రీలోడవుతుంది. అందుకని చెల్లింపు మొదలయ్యాక నోస్క్రిప్ట్ ప్యానెల్‌ను ముట్టుకోవద్దు.

నేను ఇప్పుడు చేస్తున్నది వేరే ప్రొఫైల్, అంటే విడి అమరికలు, విడి ఎక్స్‌టెన్షన్లు ఉండే మరో ఫైర్‌ఫాక్స్ లాంటిది, పెట్టుకోవడం. ఫైర్‌ఫాక్స్ చిరునామా పట్టీలో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అన్న మాటలను ఆంగ్ల అక్షరాలతో ఖాళీ లేకుండా టైపు చేస్తే ప్రొఫైళ్ల పేజీ వస్తుంది. అక్కడ కొత్త ప్రొఫైల్ సృష్టించి, అందులో నోస్క్రిప్ట్ వేయకుండా బ్యాంకు, ఫీజులు, టికెట్లకు మాత్రమే వాడండి. ఆ ప్రొఫైల్‌లో వార్తలు, వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన లింకులు తెరవకూడదు. తెరిచారంటే వేరు చేసిన ప్రయోజనం పోయినట్టే.

అంత ఓపిక లేనివారు, చెల్లింపు మొదలుపెట్టకముందే ప్యానెల్ పైవరుసలో ఈ ట్యాబుకు ఆంక్షలు తొలగించే బటన్ నొక్కి, పని ముగిశాక ట్యాబును మూసివేయవచ్చు. పక్కనే ఉండే, అన్నిచోట్లా ఆంక్షలు తొలగించే బటన్‌తో దీనిని పొరబడవద్దు. బ్యాంకు పేజీ కొత్త కిటికీలో తెరుచుకుంటే, వివరాలు ఇవ్వకముందే అక్కడి గుర్తును ఒకసారి చూసుకోండి.

చెల్లింపు మధ్యలో క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ (ఒక సైటు నుంచి మరో సైటులోకి స్క్రిప్టును చొప్పించడం) అన్న హెచ్చరిక కూడా రావచ్చు. ఏ పేరు నుంచి ఏ పేరుకు వెళుతోందో అందులో రాసి ఉంటుంది. రెండూ మీరు మొదలుపెట్టిన చెల్లింపుకు సంబంధించినవే అయితే ఈ ఒక్కసారికి అనుమతించండి. ఎల్లప్పుడూ అన్న మాటున్న వరుసను ఎంచుకోవద్దు.

ఇటీవల కొందరికి, నిన్నటిదాకా వచ్చిన బ్యాంకు పేజీ హఠాత్తుగా ఆగిపోయింది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా తమ చిరునామాలను బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే పేర్లకు మార్చుకోవలసి వచ్చింది. పాత పేరుకు మీరిచ్చిన ట్రస్టెడ్ కొత్త పేరుకు రాదు, కొత్తగా ఇవ్వాలి. ఆ పనిలో పనిగా పాత పేరును పట్టికలో డిఫాల్ట్‌కు మార్చేయండి.

7. కస్టమ్‌ను అవసరమైన చోట మాత్రమే వాడండి

ఒక సైటులో లాగిన్ కోసం ఫేస్‌బుక్ డాట్ నెట్ కావాలి, కానీ అది మిగతా సైట్లలో మీ వెంట తిరగకూడదు. ట్రస్టెడ్‌తో ఇది సాధ్యం కాదు, మొదట చెప్పిన సూత్రం వల్ల. ఆ వరుసలో కస్టమ్ నొక్కితే స్క్రిప్ట్, ఆబ్జెక్ట్, మీడియా, ఫ్రేమ్, ఫాంట్, వెబ్‌జీఎల్, ఫెచ్ వంటి టిక్ పెట్టే గడులు తెరుచుకుంటాయి. ఆ పేజీ ఆ పేరు నుంచి కోరుతున్నవి రంగుతో వేరుగా కనిపిస్తాయి కనుక ఊహించి టిక్కులు పెట్టే అవసరం లేదు.

గడులకు పైన, ఈ అనుమతులు ఏ పేజీలో ఉన్నప్పుడు చెల్లాలో చెప్పే చిన్న జాబితా ఉంటుంది. మొదట అందులో ఎనీ సైట్ అని ఉంటుంది. ముందుగా దానిని మీరున్న సైటు పేరుకు మార్చండి, ఆ తరువాతే స్క్రిప్ట్ గడిలో టిక్ పెట్టండి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ముందే టిక్ పెట్టి అన్ని సైట్లకూ అనుమతి ఇచ్చేస్తారు. పెట్టడం అయ్యాక జాబితాను తిరిగి ఎనీ సైట్‌కు మార్చి, అక్కడ స్క్రిప్ట్ గడి ఖాళీగా ఉందో లేదో సరిచూసుకోండి.

ఆధార్ వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం డాంగిళ్లు వాడే కేంద్రాలవారికి ల్యాన్ అనే గడి ముఖ్యం. ఆ యంత్రాల సర్వీసు మీ కంప్యూటరులోనే నడుస్తుంది. బయటి సైటు దానితో మాట్లాడాలి. బయటి పేజీ మీ సొంత కంప్యూటరును గానీ రూటరును గానీ పలకరించడాన్ని ఈ గడి అదుపు చేస్తుంది. యంత్రం వెలుగుతున్నా పేజీ మాత్రం పరికరం దొరకలేదని అంటుంటే, ఆ పోర్టల్ పేరుకు స్క్రిప్ట్‌తో పాటు ల్యాన్ గడి కూడా టిక్‌లో ఉందో లేదో చూడండి. ఇతర సైట్లకు ల్యాన్ ఇవ్వవద్దు.

ఆప్షన్స్ పేజీలో డిఫాల్ట్, ట్రస్టెడ్‌ల గడులను కూడా మార్చే వీలుంది. అక్కడ డిఫాల్ట్‌కు స్క్రిప్ట్ టిక్ పెడితే, ప్రపంచంలో మీకు తెలియని ప్రతి సైటుకూ అనుమతి ఇచ్చినట్టే. ఒక సైటు కోసం అక్కడికి వెళ్లవద్దు.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

పేజీ రాకపోవడానికి కారణం నోస్క్రిప్టేనా అన్నది ముందు తేల్చండి. ఆ ట్యాబుకు ఆంక్షలు తొలగించి చూడండి. అప్పటికీ రాకపోతే లోపం సైటులోనో, మీ నెట్‌లోనో, వేరే ప్రకటనల నిరోధక ఎక్స్‌టెన్షన్‌లోనో ఉంది. అనుమతులు మార్చి ప్రయోజనం లేదు. వస్తే ఆంక్షలను తిరిగి పెట్టి ఐదో అడుగుకు వెళ్లండి. తిరిగి పెట్టడం మరిచిపోయేవారే ఎక్కువ కనుక, ట్యాబు మూసేముందు గుర్తు మామూలుగా మారిందో లేదో చూడండి.

ఇక ఇచ్చిన అనుమతి అవసరానికి మించిందేమో చూడాలి. సంబంధం లేని మరో సైటు, ఉదాహరణకు ఒక వార్తల సైటు, తెరిచి ప్యానెల్ చూడండి. కొద్దిసేపటి క్రితం మీరు ట్రస్టెడ్ ఇచ్చిన పేరు అక్కడ కూడా ఆకుపచ్చగా కూర్చుని ఉంటే, దానిని తాత్కాలికానికి గానీ కస్టమ్‌కు గానీ దించండి.

చివరిగా తాత్కాలిక అనుమతులను రద్దు చేసే బటన్ నొక్కి మీ రోజువారీ సైటును మళ్లీ తెరవండి. అది మామూలుగా వస్తే, మీరిచ్చిన శాశ్వత అనుమతులు దానికి సరిపోయాయి. రాకపోతే ఏ తాత్కాలిక పేరు మీద అది ఆధారపడిందో ఇప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్కదాన్నే ట్రస్టెడ్ చేయండి.

9. ఇప్పటికే అన్నింటికీ అనుమతి ఇచ్చేసినవారు

ఆప్షన్స్‌లోని పట్టికను తెరిచి, గుర్తుపట్టలేని పేర్లను డిఫాల్ట్‌కు, ప్రకటనల పేర్లను అన్‌ట్రస్టెడ్‌కు మార్చండి. వరుసలు వందలు దాటి ఉంటే రీసెట్ నొక్కి మొదటి నుంచి మొదలుపెట్టడమే తక్కువ శ్రమ. రీసెట్‌కు ముందు ఎక్స్‌పోర్ట్ నొక్కి ఉన్న అమరికను ఫైలుగా దాచుకోండి, ఏదైనా తేడా వస్తే ఇంపోర్ట్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. కొత్త పట్టిక కుదిరాక, ఓ పది రోజులు వాడిన తరువాత, మళ్లీ ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవులో వేసుకోండి. విండోస్ తిరిగి ఎక్కించవలసి వచ్చి నా దగ్గరికి తెచ్చేటప్పుడు ఆ పెన్‌డ్రైవు కూడా వెంట తీసుకురండి.